కోల్డ్ రూం ముందు చెప్పులు

మా ల్యాబ్ కరీంనగర్‌లో. రక్తపింజర విషంలోంచి ఒకే ఒక్క ప్రొటీన్‌ను విడదీసి శుభ్రం చేయడం నా పని. వెచ్చగా ఉంటే ప్రొటీన్ పాడైపోతుంది కాబట్టి అదంతా కోల్డ్ రూంలోనే చేస్తాం. కిటికీ లేని గది. ఫ్రిజ్‌లో నిలబడ్డట్టే ఉంటుంది. నిలువు గాజు గొట్టం నిండా సన్నటి జెల్ పూసలు. పైన విషం పోస్తే కింద చుక్కచుక్కగా దిగుతుంది. టప్... టప్...

తలుపు లోపలి గడియ ఎప్పుడో పాడైంది. తలుపు మూసుకుంటే లోపల్నుంచి తెరవలేం. బాగు చేయించమంటే మా గోపాల్ సార్‌కు ఎక్కడలేని పనులు గుర్తొచ్చేవి. అందుకే మాకొక అలవాటు. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు ముందు చెప్పులు విడవాలి. తాళం వేసేవాళ్ళు చెప్పులు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఊడ్చే యాదవ్వకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఆమె చెప్పులు మెయిన్ గేటు దగ్గరే విడవాలని సార్ హుకుం. ఓసారి గాజు గొట్టం వైపు వింతగా చూస్తుంటే సార్ నవ్వుతూ చెప్పాడు.

"పెద్ద ప్రొటీన్లు ముందు బయటవడ్తయ్. చిన్నయి పూసలల్ల ఇరుక్కుంటయ్. లోకం గూడ గంతే యాదవ్వా."

పోయినేడు సద్దుల బతుకమ్మ సెలవులకు ముందు ఆమె కోల్డ్ రూం తుడుస్తోంది. తలుపు ముందు చెప్పుల్లేవు. సార్ తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. సెలవులయ్యాక తెరిస్తే ర్యాక్ వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. గోళ్ళు విరిగిపోయి ఉన్నాయి.

"ముసల్ది. ఎప్పటికైనా పొయ్యేదే గదా" అన్నాడు సార్. ఆ రోజు నుంచి ఆయన మొహం చూస్తేనే నాకు అసహ్యం.

ఈ ఏడూ సద్దులకు ముందు రోజు. మిట్టమధ్యాహ్నం. సార్, నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాం. కరెంటు పోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

"ఫికర్ చెయ్యకు నవతా. చెప్పులు బయటున్నయ్. తాళమెయ్యనీకి రంజిత్ వస్తడు గదా."

మిషన్ల హోరు ఆగింది. చీకట్లో చుక్కల చప్పుడొక్కటే. టప్... టప్... తర్వాత అదీ ఆగింది. ఫినాయిల్ వాసన గుప్పుమంది. నేల మీద తడిగుడ్డ ఈడుస్తున్న చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి. నా పాదాల దాకా వచ్చి ఆగింది.

"నవతా... నువ్వేనా?"

"నేను కాదు సార్..."

తలుపు సన్నగా తెరుచుకుంది. వెలుగు గీత పడింది. నా చెవి పక్కనే, ఎంతో మర్యాదగా...

"పెద్దోళ్ళు ముందు పోవాలె సారూ."

సార్ నన్ను ర్యాక్ మీదికి నెట్టేసి బయటికి ఉరికాడు. నా కళ్ళతో చూశాను. తలుపు మళ్ళీ మూసుకుంది.

గొంతు పోయేదాకా అరిచాను. ఎంతసేపటికో అటెండర్ రంజిత్ తెరిచాడు.

"నీ చెప్పులు చూసి ఆగిన అక్కా. లేకుంటే తాళమేసి పోతుంటి."

"సార్ ఏడి?"

"సార్ చెప్పులు లేవు. పోయినట్టున్నడు."

"నన్ను నెట్టేసి ఉరికిండు, మహానుభావుడు! తాళం వెయ్యి తమ్మీ."

వేశాడు. కోపంలో నేను వెనక్కి కూడా చూడలేదు.

పండుగంతా సార్ ఇంటివాళ్ళు ఆయన కోసం తిరగని చోటు లేదు. ఫోన్ కలవలేదు. సెలవులయ్యాక రంజిత్ కోల్డ్ రూం తెరిచి కెవ్వున అరిచాడు. ర్యాక్ వెనక సార్. మోకాళ్ళు ముడుచుకుని. గోళ్ళు విరిగి. తలుపు లోపలి వైపు నిండా గీరిన గీతలు. ఆయన చెప్పులు మెయిన్ గేటు దగ్గర, యాదవ్వ విడిచే చోట దొరికాయి.

ఆయన బయటికి వెళ్ళడం నేను చూశాను. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు. తాళం వెయ్యమన్నది మాత్రం నేనే.

గడియ ఇంకా బాగు చేయలేదు. ఇప్పుడు తలుపు సందులో ఇటుక పెట్టి లోపలికి వెళ్తున్నాను. ఇవాళ పొద్దున పని ముగించుకుని బయటికొస్తే తలుపు ముందు నా చెప్పుల్లేవు.

మెయిన్ గేటు దాకా నడిచాను. అక్కడున్నాయి... జతగా, పక్కపక్కనే. శుభ్రంగా కడిగి ఉన్నాయి. ఇంకా ఆరలేదు. ఫినాయిల్ వాసన వస్తోంది.