వ్యాసానికి పదికి పది

సైన్స్ మాస్టారు మూడో అంతస్తు మెట్ల మీంచి కాలుజారి పడి చనిపోయాడని పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. జారలేదు, తోశారు. ఆ సంగతి తోసినవాళ్ళకీ, పెద్దాయనకీ మాత్రమే తెలుసు.

పెద్దాయన అంటే ఇంటెలిజెన్స్ స్పెషల్ సెల్ చీఫ్. ఆయన ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఉంటుంది. పొద్దున్నే తన ఏజెంటును పిలిపించి, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చోబెట్టి, బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పడానికి, వ్యాసాలు దిద్దడానికి ఒక ఏఐ టూల్ వచ్చింది. పేరు 'తోడు'. నలభై స్కూళ్ళలో పైలట్ నడుస్తోంది. ఐదుగురు టీచర్ల కమిటీ పరీక్షించి, ఐదుగురూ సంతకం పెడితే సోమవారం నుంచి ఆరువేల స్కూళ్ళలోకి వెళ్తుంది. చనిపోయిన మాస్టారు ఆ ఐదుగురిలో ఒకడు. తోడు వెనక 'గ్రే రింగ్' అనే విదేశీ ముఠా ఉందని పెద్దాయన అనుమానం. ఆధారం అడిగితే మాత్రం మాస్టారి జేబులో దొరికిన ఒక చీటీ చూపించాడు. 'పరీక్ష అని తెలిస్తే ఇది బుద్ధిగా ఉంటుంది' అని అందులో రాసుంది.

"ఆయన సీట్లో నువ్వు కూర్చో. తెలుగు మాస్టారివి. కోడ్‌నేమ్ చాక్‌పీస్."

"నాకు చాక్‌పీస్ పట్టుకోవడం కూడా రాదు సార్."

"మధ్యాహ్నంలోపు నేర్చుకో" అన్నాడు పెద్దాయన, పెద్ద కష్టమేం కాదన్నట్టు.

గాడ్జెట్ ఒకటే. ఎర్ర పెన్ను. అందులో కెమెరా, ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. లోపల మన మనిషి కూడా ఉంది. తోడు కంపెనీలో టెక్నికల్ కన్సల్టెంటుగా రెండేళ్ళుగా మనకోసం పనిచేస్తోంది. ఆమె "ఈ గదిలో గాలి ఆడటం లేదు" అంటే, ఇతను "కిటికీలు మనవి కావుగా" అనాలి.

ట్రైనింగ్ ఇచ్చిన ముసలి పంతులుగారు రెండు గంటల్లో ముప్పై ఏళ్ళ సర్వీసు నూరిపోశాడు. టిక్కు ఎలా పెట్టాలి, టోటల్ ఎక్కడ వెయ్యాలి, కళ్ళజోడు మీంచి ఎలా చూడాలి. చివర్లో ఒకటే హెచ్చరించాడు. "అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తున్నా, వినండి. వ్యాసానికి పదికి పది వెయ్యకండి. ఎంత బాగున్నా ఎనిమిది. మరీ మనసు కరిగితే ఎనిమిదిన్నర. పది వేసినవాడు టీచరే కాడని ఇట్టే తెలిసిపోతుంది."

మధ్యాహ్నం పన్నెండుకి కమిటీ గదిలో అడుగుపెట్టాడు చాక్‌పీస్. పెట్టాక తెలిసింది, బయటికి రావడం తన చేతిలో లేదని. కిటికీలకి ఇనుప షట్టర్లు. సెల్‌ఫోన్లు బయట బీరువాలో. తలుపుకి తాళం వేసి, దాని మీద లక్క సీలు. ఐదుగురి మార్కుల షీట్లూ చేతికి వచ్చేదాకా ఆ సీలు తీసే ప్రసక్తే లేదని ఛైర్‌పర్సన్ చెప్పేసింది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. మెడలో గొలుసుకి ఒక తాళంచెవి వేలాడుతోంది. గోడ మీదున్న ఎర్ర పెట్టెది అది. టూల్ ఫెయిలైతే ఆ పెట్టె తెరిచి స్విచ్ నొక్కాలి. ఆ క్షణంలోనే నలభై స్కూళ్ళలోనూ తోడు ఆగిపోతుంది.

"బయటి పెన్నులు లోపలికి రావు మాస్టారూ" అని ఆవిడ ఎర్ర పెన్ను కూడా లాక్కుంది. బదులుగా మూత లేని బాల్‌పెన్ను ఒకటి ఇచ్చింది. డిపార్ట్‌మెంట్ గాడ్జెట్ బతుకు అలా ఐదు నిమిషాల్లో తెల్లారింది.

కన్సల్టెంటు పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. పొగరంగు పట్టుచీర, చెవులకి ముత్యాలు. గదిలో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు. గాలి ఆడటం లేదని ఆమె అంది. కిటికీలు మనవి కావుగా అని ఇతను అన్నాడు. అమ్మయ్య అనుకున్నాడు పాపం.

మూడు గంటలపాటు తోడుని నానా ప్రశ్నలూ అడిగారు. అందరి దగ్గరా విద్యాశాఖ ఇచ్చిన ఒకే ప్రశ్నపత్రం. లెక్కలు తప్పలేదు. చరిత్రలో అబద్ధం చెప్పలేదు. పిల్లల వివరాలు అడుగుతావా అంటే, అబ్బే, అది నా పని కాదంది. నిమ్మకు నీరెత్తినట్టు జవాబులిస్తోంది.

మూడున్నరకి కన్సల్టెంటు తన ట్యాబ్ ఇతని వైపు తిప్పింది. "మాస్టారూ, ఈ వ్యాసం ఎలా ఉందో చూడండి" అంది మెల్లగా.

శీర్షిక 'మా నాన్న'. 'మా నాన్న సబ్బుల కంపెనీలో పనిచేస్తారు. కానీ మా ఇంట్లో ఆ సబ్బు ఒక్కటి కూడా లేదు. హోటల్‌కి వెళ్తే నాన్న గోడకి ఆనుకునే కూర్చుంటారు. నాన్నకి ఎడమ చెవి వెనక ఏడు కుట్లు ఉన్నాయి.'

చాక్‌పీస్ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి వెనక్కి వెళ్ళింది. అది రాసింది తన కూతురు. పదేళ్ళది, ఇంట్లో పిచ్చుక అని పిలుచుకుంటారు. వాళ్ళ స్కూల్లో ఏదో కంప్యూటరు మాస్టారు వచ్చాడని అది చెబుతూనే ఉంది. ఏ కంప్యూటరు, ఏం అడుగుతోంది అని తను ఒక్కరోజైనా అడగలేదు. దేశంలో రహస్యాలన్నీ కాపాడేవాడికి ఇంట్లో హోంవర్కు చూసే తీరిక లేకపోయింది.

వ్యాసం కింద తోడు అడిగిన ప్రశ్నలు, పిచ్చుక చెప్పిన జవాబులు ఉన్నాయి. నాన్న ఊరెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్తారు? ఇంటికి ఎవరొస్తారు? చివరిది రెండుసార్లు చదివాడు.

'మీకు రహస్యమైన మాట ఏమైనా ఉందా?'

'ఉంది. నీలం గొడుగు. ఆ మాట చెప్పినవాళ్ళతోనే స్కూల్నించి రావాలి. నువ్వు ఎవరికీ చెప్పకు.'

కన్సల్టెంటు నవ్వుతూనే ఉంది. పెద్దాయన దగ్గర ఒక జీతం, గ్రే రింగ్ దగ్గర ఇంకో జీతం తీసుకుంటున్న మనిషి అలాగే నవ్వుతుంది మరి. తక్కింది చెవిలో చెప్పింది. నాలుగూ ఇరవై ఐదుకి, చివరి పీరియడ్‌లో, పిచ్చుక స్క్రీన్ మీద ఒక మెసేజ్ వస్తుంది. నాన్న కారు పంపారు, డ్రైవర్ నీలం గొడుగు అంటాడు, వెళ్ళు అని. అది టైమ్ పెట్టిన మెసేజ్. ఆపగలిగేది తనొక్కతే. ఇతను ప్రతి అంశానికీ తొమ్మిదికి తక్కువ కాకుండా వేసి సంతకం పెడితే ఆపుతుంది. నోరు విప్పితే ఆపదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే ఆరువేల స్కూళ్ళ పిల్లలు ఈ ముఠాకి ఇంటి గుట్టు అప్పజెబుతారు. పెట్టకపోతే తన పిచ్చుక. పోనీ పెడితే అయినా ఈమె మాట మీద నిలబడుతుందని ఏం నమ్మకం? జీవితంలో ఇంత భయం అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

అప్పుడు పంతులుగారి మాట గుర్తొచ్చింది. మూత లేని పెన్ను తీసుకుని, ఆమె చూస్తుండగానే అన్నిటికీ తొమ్మిది వేశాడు. 'వ్యాసరచన' అన్న గడిలో పది వేశాడు. ఆమె మెచ్చుకోలుగా తలూపింది. ఎప్పుడైనా నలభై పేపర్లు దిద్ది ఉంటే ఊపేది కాదు.

నాలుగూ ఐదు. హెడ్మిస్ట్రెస్ షీట్లు ఒక్కొక్కటే తిరగేస్తోంది. నాలుగు షీట్లలో వ్యాసానికి ఏడున్నర, ఎనిమిది, ఏడు, ఎనిమిది. ఐదోది చూసి ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"మాస్టారూ, వ్యాసానికి పదికి పదా?"

"బాగుందమ్మా. ఇంకేం చెప్పను."

ఆవిడ అతని మొహం చూసింది, పక్కన కూర్చున్న పట్టుచీరని చూసింది. ముప్పైఆరేళ్ళు పరీక్ష హాళ్ళలో చూపు తిప్పిన మనిషి. కాపీ కొట్టేవాడి మొహం ఎలా ఉంటుందో, వెనకనించి ఎవడో పొడుస్తుంటే రాసేవాడి మొహం ఎలా ఉంటుందో ఆవిడకి వేరేగా తెలుసు.

"నా సర్వీసులో ఈ పది చూళ్ళేదు. రెండో వాల్యుయేషన్ నేనే చేస్తాను" అంది.

కన్సల్టెంటు టైమ్ అయిపోయిందంది. పరీక్ష హాల్లో టైమ్ చెప్పాల్సింది తనేనంది హెడ్మిస్ట్రెస్. ప్రశ్నపత్రం పక్కన పడేసి, పిల్లలెవరూ దీన్ని చూసి మాట్లాడరు కదా అని గొణుక్కుంటూ, ప్రొజెక్టర్ ఆన్ చేయించి, ఒక్క వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా వెతుకుతోంది. నాలుగూ పదిహేను. నాలుగూ ఇరవై. చాక్‌పీస్ కాలు గాలిన పిల్లిలా కుర్చీలోనే కొట్టుకుంటున్నాడు, లేవడానికి లేదు.

'మా నాన్న గురించి వ్యాసం రాయాలి. రేపే ఇవ్వాలి. లేకపోతే అమ్మ తిడుతుంది.'

ఇది పరీక్షని తెలియని తోడు వెంటనే కరిగిపోయింది. 'బాధపడకు బంగారూ, నేనున్నాగా. నాన్న యూనిఫాం వేసుకుంటారా? ఏ ఆఫీసు? మీకు రహస్యమైన మాట ఏమైనా ఉందా?'

గోడంత తెర మీద ఆ అక్షరాలు అందరూ చదివారు.

"పసిపిల్లల్ని అడిగే మాటలా ఇవి?" అంది హెడ్మిస్ట్రెస్. గొంతు పెంచలేదు. మార్కుల షీటు మీద పెద్ద సున్నా చుట్టి, మెడలోంచి తాళంచెవి తీసింది. పెట్టె తాళం బిగుసుకుంది. రెండోసారి తిప్పితే వచ్చింది. స్విచ్ నొక్కేసరికి గడియారంలో నాలుగూ ఇరవైనాలుగు దాటి, సెకన్ల ముల్లు పదకొండు మీదుంది. తెర నల్లబడింది.

కన్సల్టెంటు తలుపు వైపు పరిగెత్తింది. లక్క సీలు ఆమెకి మాత్రం ఎందుకు ఊడుతుంది? చాక్‌పీస్ మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం మేడమ్, గాలి ఆడటం లేదా?" అన్నాడు.

సీలు తీశాక ఆమెను సెక్యూరిటీకి అప్పజెప్పి, పెద్దాయనకి ఫోన్ చేసి, స్కూలుకి పరుగెత్తాడు. గేటు దగ్గర డ్రైవరుని అప్పటికే పెద్దాయన మనుషులు జీపెక్కిస్తున్నారు. పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. కంప్యూటరు సడన్‌గా ఆగిపోయింది నాన్నా, నా వ్యాసం అంతా పోయింది అని ఏడుస్తోంది. దాన్ని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ వారమంతా రోజూ దాని పక్కన కూర్చుని హోంవర్కు చేయించాడు. 'మా నాన్న' మళ్ళీ రాసింది, ఈసారి చేత్తో. శుక్రవారం నోట్‌బుక్ దిద్దించుకుని, మూతి ముడుచుకుని తెచ్చి చూపించింది. పదికి ఆరున్నర. కింద టీచరమ్మ ఎర్ర సిరాతో రాసింది: 'నాన్నగారి గురించి వివరాలు చాలవు.'

పాతికేళ్ళ సర్వీసులో చాక్‌పీస్ అందుకున్న మొదటి ప్రశంసాపత్రం అదే.