ఆకుపచ్చ చెంపలు

"నా మొహం నీకు కప్పలా కనిపిస్తోందా?"

తెస్సా అరిచిన అరుపుకు గీనో చేతిలోని కుంచె జారి కిందపడింది.

ఇటలీలోని సియెనా ఊళ్ళో గీనో దేవుళ్ళ పటాలు రాసే చిత్రకారుడు. రోజూ పొద్దున్నే తెస్సా తెచ్చే కోడిగుడ్ల పచ్చసొనతోనే రంగులు కలుపుతాడు. రెండేళ్ళుగా గుమ్మం దగ్గరే బుట్ట ఖాళీ చేసి వెళ్ళే పిల్ల ఆవేళే మొదటిసారి లోపలికి తొంగిచూసింది. మఠం వాళ్ళు రాయమన్న పటంలో దేవదూతకు తన మొహమే ఉంది. అదీ ఆకుపచ్చగా!

"అది కాదు తెస్సా, ముందు ఆకుపచ్చ పూత వేసి, దాని మీద ఒంటి రంగు..."

"చాల్లే! ఇక నీకు ఒక్క గుడ్డు ఇస్తే ఒట్టు!"

గీనో సంతలో పల్లెటూరి గుడ్లు కొన్నాడు. వాటి సొన బాగా ఎరుపు. ముసలి సన్యాసుల మొహాలకైతే దివ్యంగా ఉంటుంది. దేవదూతకు పూస్తే ఎండలో గోధుమ కోసి వచ్చినట్టుంది. గీకేశాడు. లేత రంగు సొన తెస్సా పెరటి కోళ్ళదే. దేవదూత సంగతి అటుంచి, పొద్దున్నే తలుపు తట్టే చప్పుడు లేక అతనికి ఏ పనీ తోచలేదు.

నాలుగో రోజు పటం చంకన పెట్టుకుని, రంగుల సంచి భుజాన వేసుకుని తెస్సా వాళ్ళింటికే వెళ్ళాడు. గుమ్మంలో ఆమె తండ్రి బిందో బఠానీలు ఒలుస్తున్నాడు.

"మా అమ్మాయిని కప్పను చేసింది నువ్వేనా?"

"నేనేనండీ. ఒక్క గుడ్డు ఇప్పిస్తే మళ్ళీ మనిషిని చేస్తాను."

బిందోకు నవ్వాగలేదు. లోపలికి కేకేశాడు. తెస్సా కోపంగానే వచ్చింది. గుడ్డును మాత్రం మెల్లగా గీనో చేతిలో పెట్టింది.

అతను గుడ్డు కొట్టి, పచ్చసొనను ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి తడి ఆర్చాడు. సొన మీది పొరను పొడిచి గిన్నెలోకి వదిలాడు. రంగు కలిపి వెంట్రుకంత గీతలు పక్కపక్కనే గీశాడు. ఆకుపచ్చ చెంప మీద లేత ఎరుపు పాకింది.

"ఇది... నేనేనా?"

"రోజూ పొద్దున్నే చూసే మొహం. ఇంకెవరిని రాయను?"

"నోటితో చెప్పొచ్చుగా!"

"నోరు తెరిచేలోగా నువ్వు వీధి చివర ఉంటావు."

బిందో పటంలోకి వంగి చూశాడు. "ఒక చెంపే అయిందేం?"

"సొన ఆరిపోయిందండీ. ఇంకో గుడ్డు కావాలి."

"మొత్తం ఎన్ని కావాలయ్యా నీకు?"

గీనో తెస్సా వైపు చూశాడు. "రోజుకొకటి చాలండీ. బతికినన్నాళ్ళూ."

తెస్సా తల వంచుకుంది. "అయితే కోళ్ళన్నీ నాతో తీసుకెళ్తాను నాన్నా."

"పుంజునైనా నాకు వదలవే తల్లీ!" అన్నాడు బిందో.