తోసిన చెయ్యి

ఉత్తరాది ఉక్కు నగరంలోని సిద్ధగోరా బజారుకు వెళ్లిన సూర్యం ఆ ఆదివారం ఉదయం సంచి నిండా కూరలతో, ముఖం నిండా చిరాకుతో తిరిగొచ్చాడు.

"కేజీ దుంపలు అడిగితే కూరలోడు ఇంకో అరకేజీ ఊరికే ఏసీసినాడే! ఏటంటే, 'బేటే నే ఘర్ సే నికాల్ దియా నా, బాబా?' అని జాలి! కన్నకొడుకే నన్ను గెంటేసినాడంట!"

భార్య చిలకమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నిన్న పక్కింటి వరహాలమ్మొదిన పులిహోర అట్టుకొచ్చింది. మనకి తిండి లేదనుకుంది కావాల."

తప్పంతా టీవీది. వాళ్లబ్బాయి సూర్యప్రకాష్ బొంబాయిలో ర్యాప్ పాటలు పాడుతున్నాడు. పాట నచ్చి ఓ హిందీ సీరియల్ వాళ్లు వేషమిచ్చారు. టోపీ తిరగేసి పెట్టుకుని, ర్యాప్ పాడుతూ తిరిగే చెడిపోయిన కొడుకు వేషం. మొన్న శుక్రవారం ఆ కొడుకు ముసలి తండ్రిని గుమ్మంలోంచి బయటికి తోసేశాడు. సీరియల్ వేరు, సంసారం వేరు అని సూర్యానికి తెలియక కాదు. కానీ ముప్పయ్యేళ్లు క్రేన్ నడిపిన మనిషిని తోటివాళ్లంతా భుజం తట్టి ఓదారుస్తుంటే తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా అప్పుడే కొడుకు ప్రకాష్ బొంబాయి నుంచి బ్యాగుతో దిగాడు.

"ఏటిరా, పాటలు పాడతానని ఎల్లి కన్నోణ్ణి తోసే పన్లో సేరినావా?"

"అరే నాన్నా, ఓ తో ఏక్టింగ్ హై!"

"మా షిఫ్టోళ్లకి ఎవడు సెప్తాడు? నువ్వు సెప్తావా?"

ప్రకాష్ నవ్వు మాయమైంది. బ్యాగులోంచి ఓ కాగితం తీశాడు. "ఇంకో ఏడాదికి కాంట్రాక్టు నాన్నా. సంతకం పెడితే నా ర్యాప్ ఆల్బమ్ కూడా వాళ్లే తీస్తారు. నువ్వు వద్దంటే ఇప్పుడే చింపేస్తాను."

మాట అనేశాడు గానీ కాగితాన్ని మడత పడకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ పిల్లాడు కన్న కల అదొక్కటే.

చిలకమ్మ ఇక ఊరుకోలేదు. ఆ ఎపిసోడ్ రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టింది. "ఆడి కుడిసెయ్యే సూసినావు. ఎడంసెయ్యి సూడు."

సూర్యం చూశాడు. కుడిచెయ్యి ముసలాయన గుండె మీద తోస్తోంది. ఎడంచెయ్యి మాత్రం ఆయన కుర్తాని నడుం దగ్గర గట్టిగా పట్టుకుంది. ఆయన కాళ్లు నిలదొక్కుకునేదాకా వదల్లేదు.

"పదకొండు టేకులు నాన్నా," ప్రకాష్ తల దించుకున్నాడు. "ఆయనకీ నీలాగే మోకాళ్ల నొప్పులు. డైరెక్టర్ ఎంత తిట్టినా ఈ చెయ్యి మాట వినలేదు. చివరికి విసిగిపోయి చాల్లే అనేశాడు."

సూర్యం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా బిడ్డను నేనే తెలుసుకోలేకపోయానే అనుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"సంతకం ఎట్టు. కానొరే, పని సగం సగం సెయ్యకూడదు. ఈపాలి గట్టిగా తొయ్యాల. రా, నామీద నేర్సుకో!"

వెళ్లి గుమ్మంలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ప్రకాష్ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ తోశాడు. సరిగ్గా అప్పుడే పకోడీల గిన్నెతో గేటు తీసిన వరహాలమ్మ కెవ్వుమంది.

"ఓలమ్మో! నిజంగానే గెంటేత్తన్నాడర్రో!"

కొడుకు ఎడంచెయ్యి ఎప్పుడో నడుం పట్టేసుకుంది. ఆ చేతిలో వాలిపోతూ సూర్యం ఏడుస్తూనే నవ్వాడు.

"అడ్డు రాకక్కా! నా కొడుకు పని నేర్సుకుంటన్నాడు!"