ఏడో బట్ట మీది గీతలు

“పాము పాకినట్టు గీశావు కదే! కడుపుతో ఉన్నదానివి... నీ ఒంటికి చుట్టే బట్ట మీద ఇన్ని వంకరలా!”

అత్తగారు కస్మినా విసిరిన బట్ట వినార్సి కాళ్ల దగ్గర పడింది. పొయ్యి మీద మైనం పొగలు కక్కుతోంది. ఏడో నెల వేడుక దగ్గర పడింది! ఆ రోజు చూలాలికి ఏడు బట్టలు ఒకదాని తర్వాత ఒకటి చుడతారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఆరింటికీ “నప్పలేదు” అని, ఏడోదానికి “నప్పింది!” అంటారు. సోలో పట్టణంలోని ఆ ఇంట్లో ఏడో బట్ట మీద, రంగు అద్దే ముందు, అత్తగారే కరిగిన మైనంతో ముగ్గు గీసి ఇవ్వడం ఆచారం. కానీ కస్మినా ఈసారి మైనపు కలం కోడలి ముందు పడేసి, “నువ్వే గీసుకో” అంది. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడేమో ఈ తిట్లు!

వినార్సి తల వంచుకునే కన్నీళ్లు మింగింది. పెద్దల ముఖంలోకి సూటిగా చూడకూడదని చిన్నప్పుడే నేర్పారు. అయినా ఓరగా చూసిన ప్రతిసారీ ఒకటే బాధ... కొన్ని నెలలుగా అత్తగారు తనతో మాట్లాడుతూ ఎటో చూస్తోంది! ముఖం చూడడానికి కూడా మనసొప్పనంత తప్పు తానేం చేసింది?

భర్త హర్జో స్కేలు తెచ్చి గీత పక్కన పెట్టాడు. “తిన్నగానే ఉంది కదమ్మా!”

“అయితే నీ స్కేలే వంకర! పెళ్లాం గీసిందంటే నీకన్నీ తిన్ననే. ఈ మధ్య ఈ ఇంట్లో ఏది సరిగ్గా ఉంది కనక? ఆ కిటికీ ఊచలు చూడు, ఎలా వంగిపోయాయో!”

ఊచలు నిటారుగా ఉన్నాయి.

వినార్సి అల్లాను తలచుకుని, పెళ్లయ్యాక మొదటిసారి తలెత్తి అత్తగారి కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపు తన చెవి పక్కన ఎక్కడో నిలిచి ఉంది!

“అత్తయ్యా... నా మొహం కనిపిస్తోందా?”

కస్మినా తల కాస్త పక్కకు తిప్పింది. “నేరుగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట పొగ... పక్కకు చూస్తేనే కాస్త కనిపిస్తావు.”

“నన్ను చూడడం ఇష్టం లేక అనుకున్నాను...”

“పిచ్చిదానా! నిన్ను చూద్దామనే కదే!”

మర్నాడు కంటి డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. “కంటి వెనక తెర నడుమ మాక్యులా అని చిన్న చోటు ఉంటుందమ్మా. ముఖాలు, అక్షరాలు, సన్న గీతలు చూసేది దానితోనే. అక్కడ నీరు చేరి ఉబ్బింది, అందుకే గీతలు వంగాయి. ఎడమకంటి నడిమి చూపు ఇక రాదు. కుడికంట్లో సూదిమందు వేస్తూ ఉంటే మిగిలింది నిలబడవచ్చు... మాటివ్వలేను. ఆలస్యం చేస్తే మాత్రం అదీ పోతుంది.”

“కంట్లో సూదా!” కస్మినా దిగ్గున లేచింది. “ఇచ్చినవాడే తీసుకుంటున్నాడు. పదండి ఇంటికి!”

వినార్సి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఆయన తీసుకుంటున్నాడో, మనమే పారేసుకుంటున్నామో... ఎలా తెలుస్తుంది అత్తయ్యా? ఇన్నాళ్లూ నేను తలొంచుకోవడమే మర్యాదనుకున్నాను. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే మీ ఎడమకన్ను దక్కేదేమో!”

కస్మినా మెల్లగా మళ్లీ కూర్చుంది. “చెయ్యి వదలకు. వదిలావంటే పారిపోతా!”

వేడుక రోజు, సూది పడ్డ కస్మినా కుడికంట్లో ఇంకా ఎర్రజీర ఉంది. చూపు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆరు బట్టలకూ ఆడవాళ్లు నవ్వుతూ “నప్పలేదు!” అన్నారు. ఏడో బట్ట చుట్టగానే ఆ చివరి మాట అనబోతూ నోళ్లు తెరిచారు... కస్మినా చెయ్యెత్తి ఆపింది. దగ్గరికొచ్చి కోడలు గీసిన గీత మీద వేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపింది. వేలు ఎక్కడా వంకర తిరగలేదు.

తర్వాత కోడలి ముఖం చూడడానికి తల పక్కకు తిప్పింది. వినార్సి ఈసారి కళ్లు దించుకోలేదు.

“నప్పింది!” అంది కస్మినా.