బావమరిది పంపిన రైఫిల్ చెక్క

"నాలుగింటికి నీ బావమరిదిని కాల్చేస్తారు," అన్నాడు చీఫ్ ఫోనులో, రేపు పాలు రావని చెప్పినంత తాపీగా. "తననెక్కడ బంధిస్తారో ఆ పాత రైఫిల్ చెక్క మీద సూదితో పొడిచి పంపాడు. వార్నిష్ కిందుంది. చదువు. ఓవర్."

వడ్రంగి వేషంలో విదేశీ ముఠాలోకి దూరిన బావమరిది, దొరికిపోయే ముందు పంపిన నూరేళ్లనాటి రైఫిల్ అది. ఏజెంట్ చిత్రిక నీళ్లచెంబు పక్కకి జరిపి, దాన్ని వంటింటి బల్ల మీద పడుకోబెట్టాడు. ఇనుప గొట్టం విప్పేశాడు. చెక్కకి వార్నిష్ ఊడే మందు పూసి, ఉబ్బిన వార్నిష్ గీకుతుంటే సూదిమొనంత గుంటలు బయటపడ్డాయి. టైము మూడూ ఇరవై.

సాయానికి హెడ్డాఫీసు పంపిన మనిషి సిల్కు. ఆమె నడిచొస్తే గోడగడియారం ఒక టిక్కు మరిచిపోతుందని డిపార్ట్‌మెంట్‌లో వాడుక. చిత్రిక పెరట్లోకెళ్లి, చేతివాచీ రేడియో ఆన్ చేసి, చీఫ్‌కి కబురు చెప్పి వచ్చేసరికి సిల్కు చేతిలో ఉప్పుకాగితం, బల్ల మీద పొట్టు. గుంటల్లేవు. చెక్క గుండు గీసినంత నున్నగా ఉంది.

"ఎవరి తరఫున రుద్దావు?"

"రెండు తరఫులా, సార్." ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్తోలు గొట్టం. ఒకే తూటా. "నాలుగయ్యేదాకా కదలకండి."

మూలన ఇస్త్రీ చేస్తున్న భార్య చేతిలో పెట్టెతోనే వచ్చి చెక్క మీద పడింది. "ఒక్కగానొక్క తమ్ముడండీ. మీకు చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా."

"ఏడవనీండి పాపం," అంది సిల్కు.

కన్నీటిచుక్క పడినచోట చెక్క చిన్న పొక్కులా లేచింది. చిత్రిక వంగి చూశాడు. సూదితో నొక్కిన పీచు లోపల అణిగి ఉంటుంది. పైచెక్క అరగదీసి తడి తగిలిస్తే, అణిగినదే ఉబ్బి తలెత్తుతుంది. బావమరిది సగం పని చేసి పంపాడు. మిగతా సగం సిల్కు చేసిపెట్టింది.

"ఏడవ్వే, ఇంకా ఏడు. ఇటు పక్కకి."

"ఇదేం మనిషండీ మీరు," అని ఆ కడుపుమంటకి ఆవిడ రెండింతలు ఏడ్చింది. ఒక్కో అక్షరమే లేచింది. మూడూ యాభై.

"ఐసు ఫ్యాక్టరీ, చీఫ్," అన్నాడు చిత్రిక వాచీలోకి.

లిప్‌స్టిక్ అతని వైపు తిరిగింది. అంతకంటే ముందే భార్య చేతిలోని ఇస్త్రీపెట్టె సిల్కు మణికట్టు మీద వాలింది. తూటా గురి తప్పి నీళ్లచెంబుకి చిల్లు పెట్టింది.

మూడూ యాభైతొమ్మిదికి వాచీ గరగరలాడింది. "బావా, బతికే ఉన్నా. ఇక్కడ చలి చంపేస్తోంది. ఆ చెక్కకి నూనె పట్టించు, వార్నిష్ వద్దు."

చిత్రిక, తాళ్లతో కట్టేసిన సిల్కు పక్కనే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. భార్య మాత్రం బల్ల మీంచి ధారగా కారుతున్న నీళ్లనే చూస్తోంది.

"ఏవండీ, చెంబెడు నీళ్లు చేతికందేట్టు ఉండగా నన్నెందుకు ఏడిపించారు?"

ఎన్ని చిత్రహింసలు పెట్టినా నోరు విప్పని ఏజెంటని చిత్రికకి పేరు. ఆ పేరు ఆవేళ కూడా నిలబెట్టుకున్నాడు.