బర్డ్‌విజిల్ వారి ఈల

హెస్టర్ బర్డ్‌విజిల్ వంటింటి బల్ల దగ్గర బఠానీలు ఒలుస్తోంది. కళ్లు కాయల మీద, చెవులు పక్కగదిలో.

ఆ లాంకషైర్ పల్లెకు ఆమె బట్టలు కుట్టే మనిషి. లండన్‌లోని ఒక గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు మాత్రం ఏజెంట్. కొండ మీది రాడార్ ఫ్యాక్టరీకి శత్రువులు ఒక ఆడమనిషిని పంపుతున్నారని కబురొచ్చింది. ఏ పేరుతో వస్తుందో తెలియదు. ఆ వారమే కెనడా నుంచి రోసలిండ్ దిగింది, మీ చిన్నతాత మనవరాలినంటూ. పాస్‌పోర్టు, పాత ఫొటోలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంత సరిగ్గా ఉండడమే హెస్టర్‌కు నచ్చలేదు.

తమ్ముడు విల్ఫ్ ఆ ఫ్యాక్టరీలోనే ఇంజనీర్. ఆ ఇంటిపేరుకు తామిద్దరమే మిగిలామని బెంగపడేవాడు. రోసలిండ్ వచ్చాక అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఇవాళ ఉద్యోగుల బంధువులకు ఫ్యాక్టరీ చూపిస్తారు. ఆమె పాస్ అతని జేబులోనే ఉంది. ఆమె శత్రువైతే రాడార్ రహస్యం పోతుంది, విల్ఫ్ జైలుకు పోతాడు.

బయట కిరాణా వ్యాన్‌లో ఇద్దరు మనుషులు హెస్టర్ సైగ కోసం కాచుకుని ఉన్నారు. ఆమె దగ్గర రుజువే లేదు.

పౌడర్ డబ్బా అద్దంలో పెదాలు చూసుకుంటూ రోసలిండ్ వచ్చింది. వెనకే విల్ఫ్, టోపీ చేత్తో పట్టుకుని.

"మన ఇంటిపేరు విని కెనడాలో నవ్వేవారా, చెల్లీ?" అంది హెస్టర్ మామూలుగా.

"నవ్వకేం? పిట్ట ఈల అనుకునేవారు. అసలందులో ఈలే లేదక్కా. పిట్టపిల్లలుండే చోట రెండు వాగులు కలవడం, అదీ అర్థం. పాత మాట అరిగి అరిగి ఇలా అయింది."

హెస్టర్ చేతిలో కాయ ఆగిపోయింది. అది నిజమే. ఉద్యోగంలో చేరిన రోజు పై అధికారి ఏదో పుస్తకం చూసి సరదాగా చెప్పాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియదు. పూర్వీకుడొకడు రాజుగారి డేగను ఈల వేసి రప్పించాడనీ, అందుకే ఆ పేరనీ ఉయ్యాలలోనే నూరిపోసే వంశం అది.

"మరి డేగ సంగతో?"

"ఏ డేగ?"

పాస్ అందించబోతున్న విల్ఫ్ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. హెస్టర్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని తాతలనాటి ఈల వేసింది.

వ్యాన్ తలుపులు తెరుచుకున్నాయి. పౌడర్ కింద బఠానీగింజంత కెమెరా దొరికింది.

"నేను చెప్పింది తప్పా?" అంది రోసలిండ్, చేతులకు బేడీలు పడుతుంటే.

"తప్పు చెప్పుంటే బతికిపోయేదానివి. సరిగ్గా చెప్పావు."

వ్యాన్ వెళ్లిపోయింది. విల్ఫ్ అక్క వైపు తిరిగాడు.

"అయితే డేగ అబద్ధమా?"

ఎన్ని దేశాల వాళ్లనో బుకాయించిన మనిషి తమ్ముణ్ణి బుకాయించలేక తల వంచుకుని మళ్లీ ఒలవసాగింది.

అతను టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. గేటు దాటుతూ రోజూ వేసే ఆ ఈల ఇవాళ వేయలేదు.