మిగిలిన ముప్ఫై ఎనిమిది గ్రాములు

విశాఖపట్నంలో ఇప్పుడెవరూ బరువులు మోయడం లేదు. పాతిక కిలోల బియ్యం బస్తాని చిటికెన వేలికి తగిలించుకుని ఆరో అంతస్తుకి ఎక్కేస్తున్నారు. పిల్లల పుస్తకాల సంచులు గాలికి ఎగిరిపోకుండా కిటికీ ఊచలకి కట్టేస్తున్నారు. ఇది 2093వ సంవత్సరం, డాక్టర్ సన్యాసిరావు ‘భారాంతరణి’ని కనిపెట్టిన మూడో ఏడు. అంత పెద్ద పేరు పలకలేక జనం దాన్ని ‘బదిలీ’ అంటున్నారు.

అరచేతిలో ఇమిడే ఆ యంత్రం చేసే పని చెప్పుకోవడానికి తేలికే. ప్రతి వస్తువుకీ భూమికీ మధ్య గురుత్వ ముడి ఒకటి ఉంటుంది. బదిలీ ఆ ముడిని విప్పుతుంది. అయితే విప్పిన తాడుని గాల్లో వదలడానికి లేదు, ఇంకో వస్తువుకి కట్టి తీరాలి. అంటే బరువు ఎక్కడికీ పోదు, చోటు మారుతుందంతే. అందుకోసమే కార్పొరేషన్ వాళ్లు వీధికొక బరువుబండ పాతించారు. కానీ వీధి చివరిదాకా నడిచే ఓపిక ఎవరికుంది? “ఇంట్లో వాడని వస్తువేదో చూసి దాని మీద పడెయ్” అని యంత్రానికి చెప్పేసి ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నారు. నెలకోసారి ఏదో ఒక ఇంట్లో అటక కూలుతూనే ఉంది.

విజయదశమి వెళ్లిన మూడోరోజు ఉదయం, భీమిలి రోడ్డులోని షూటింగ్ రేంజ్‌లో, సన్యాసిరావు భార్య నూకరత్నం తన పిస్టల్‌ని తూకం యంత్రం మీద పెట్టి, అంకె చూసి, తీసి, మళ్లీ పెట్టింది.

“పన్నెండొందల నలభై ఒకటి,” అన్నాడు పోటీ నిర్ణేత దాలినాయుడు. “సాదా విభాగానికి హద్దు పన్నెండొందలమ్మా. నలభై ఒక్క గ్రాములు ఎక్కువ.”

“అదేటండి! మొన్న పండగ ముందు తూచినప్పుడు సరిగ్గా ఉంది కదా!”

“పండగ ముందు సంగతి నాకెందుకమ్మా? అరగంటలో తగ్గించండి. సానబట్టకూడదు, చిల్లు పెట్టకూడదు, ఏ భాగమూ తియ్యకూడదు. బదిలీతో ఎవరి మీదా వెయ్యకూడదు. కుదరకపోతే స్వేచ్ఛా విభాగంలో ఆడండి.”

స్వేచ్ఛా విభాగం అన్న మాట వినగానే నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఆ విభాగంలో పిస్టళ్లు గురి అవే చూసుకుంటాయి, పేల్చేది కూడా అవే. మనిషి చెయ్యాల్సిందల్లా నిద్రపోకుండా నిలబడడం. అలాంటి వాటి ముందు ఆమె పాత పిస్టల్ ఏం నిలుస్తుంది? జాతీయ జట్టు ఎంపికలో ఇంతకుముందు రెండుసార్లు ఒక్క పాయింటుతో తప్పిపోయింది. వచ్చే ఏటికి వయోపరిమితి దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

ఆమె అత్తగారు పైడమ్మ బెంచీ మీద కూర్చుని చేగోడీలు కరకరలాడిస్తోంది. ఒకప్పుడు రాష్ట్ర ఛాంపియన్. పిస్టల్ ఆవిడదే, కోడలికి గురి నేర్పిందీ ఆవిడే.

“ఏటే, మొహం అలా పెట్టావు?”

“బరువెక్కువైపోయిందండి అత్తయ్యా. మీరు ఆయుధపూజకి గంధం, కుంకుమ అంత పట్టించి రాసారు కదా, అదే అయ్యుంటుంది.”

“నా పూజని అంటావేటి? నువ్వు నూనె ఎక్కువ పొయ్యలేదా?”

ఇద్దరూ కలిసి పాత పళ్ల బ్రష్షుతో పిస్టల్‌ని తోమారు. పిడి సందుల్లోంచి, మీట మూలల్లోంచి పసుపు, గంధం, కుంకుమ, ఒక చామంతి రేకు బయటపడ్డాయి. తోముతున్నంతసేపూ పైడమ్మ అమ్మవారికి క్షమాపణ చెప్పుకుంటూనే ఉంది. తూస్తే మూడు గ్రాములు తగ్గింది.

ముప్ఫై ఎనిమిది అలాగే ఉంది.

తోడుగా వచ్చిన సన్యాసిరావు భార్యని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. “ఇదిగో, ఆ గేటు దగ్గర పూలకుండీ ఉంది చూడు. దాని మీద పడేస్తాను. ఎవరికి తెలుస్తుంది?”

“ఛీ, ఊరుకోండి! ఒకరి వస్తువు మీద నా బరువు వేసి గెలవాలా? నాకంత ఖర్మ పట్టలేదు,” అంది నూకరత్నం, నలుగురికీ వినబడేటట్టు. పైడమ్మ కోడలి వంక గర్వంగా చూసింది. దాలినాయుడు కూడా తల ఊపాడు. నూకరత్నం చెవులకున్న బంగారు బుట్టలు ఆ కోపానికి దూదిపింజల్లా ఎగిరెగిరి పడ్డాయి. అవి అత్తగారు ఇచ్చినవి, పోటీకి వచ్చినప్పుడల్లా పెట్టుకోవాలని ఆవిడ పట్టు.

సన్యాసిరావు తల గోక్కున్నాడు. “అయితే ఒకటే దారి. పిస్టల్ తనంతట తాను బరువు పెరగదు. ఎవరో దీని మీదకి మళ్లించి ఉండాలి. బదిలీలో ‘వాపసు’ అని ఒక మీట ఉంది. నొక్కితే ఎవరి బరువు వాళ్లకి వెళ్లిపోతుంది.”

“వాపసుకి అభ్యంతరం లేదండి,” అన్నాడు దాలినాయుడు. “మరి ఇన్నాళ్లూ ఆ మీట సంగతి మేం వినలేదేటి?”

“ప్రభుత్వం పెట్టమంటే పెట్టానండి. ఎవరూ నొక్కరు. నొక్కితే అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పైకి చదివేస్తుంది.”

“నొక్కండి! ఏ దౌర్భాగ్యులు చేసారో నాకు తెలియాలి!” అంది నూకరత్నం.

“నొక్కరా సన్యాసీ! నా కోడలి నోటికాడ కూడు తీసినవాళ్లని నేనూ చూస్తాను!” అంది పైడమ్మ.

మీట నొక్కాడు. యంత్రం గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి, వార్తలు చదివే ధోరణిలో మొదలెట్టింది.

“ఈ ముప్ఫై ఎనిమిది గ్రాములు విజయదశమి నాడు పైడమ్మ గారి పళ్ల సెట్టు నుంచి వచ్చాయి.”

పైడమ్మ నోట్లో చేగోడీ ఆగిపోయింది.

“అత్తయ్యా!”

“నాకేటి తెలుసే! శ్రావణంలో చుట్టాల పెళ్లి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ దవడ లాగేస్తంది. ఇడ్లీ నమల్లేకపోయాను. పండగ పూట గారెలైనా తిందామని, ఇంట్లో వాడని వస్తువు మీద పడెయ్యమన్నాను. అంతే!”

“పోటీ పిస్టల్ వాడని వస్తువా?” అని సన్యాసిరావు యంత్రాన్ని గద్దించాడు.

“ఆ రోజు ఆయుధాలు ముట్టుకోకూడదని పైడమ్మ గారే మూడుసార్లు చెప్పారు,” అంది యంత్రం. “ఇంట్లో ఎవరూ ముట్టుకోని వస్తువు అదొక్కటే కనబడింది.”

నూకరత్నం ఊపిరి గట్టిగా పీల్చుకుంది. అత్తగారిని ఏమనాలి? ఇన్నేళ్లూ గురి నేర్పిన మనిషిని పట్టుకుని ఏమంటుంది? అయినా మాట పెదవిదాకా వచ్చింది. “అది కాదండి అత్తయ్యా, పడేసేముందు ఎవరి మీద పడుతుందో ఒక్కసారి...”

“ఇంకా ఉంది,” అంది యంత్రం. “పళ్ల సెట్టుకి ఆ ముప్ఫై ఎనిమిది గ్రాములు శ్రావణంలో ఆ పెళ్లి నుంచి వచ్చిన రాత్రి నూకరత్నం గారి చెవి బుట్టల నుంచి వచ్చాయి. ‘ఇంట్లో వాడని వస్తువేదో చూసి దాని మీద పడెయ్’ అన్నారు. అప్పుడు పళ్ల సెట్టు గ్లాసులో నీళ్లలో ఉంది.”

దాలినాయుడు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“వాపసు పూర్తయింది,” అంది యంత్రం.

నూకరత్నం చెవులు ఒక్కసారిగా కిందికి లాగాయి. పిస్టల్ పన్నెండొందల దగ్గర సరిగ్గా ఆగింది. పోటీకి పిలుపు వచ్చేసింది. బుట్టలు తీసేద్దామని చెయ్యి ఎత్తింది గానీ, అత్తగారు చూస్తోంది. తీయలేక అలాగే కాల్చే గీత మీదకి వెళ్లింది.

నూకరత్నానికి ఒక పాత జబ్బుంది. గుండు పేలగానే ఎక్కడ తగిలిందో చూద్దామని తల తిప్పుతుంది. “తల తిప్పకే, గురి పోతాది” అని పైడమ్మ ఇన్నేళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. ఈవేళ తల తిప్పితే చెవి తెగేలా ఉంది. అందుకని తిప్పలేదు. మెడ బిగబట్టి, పళ్లు బిగబట్టి, చివరి గుండుదాకా అలాగే కాల్చింది. జాబితాలో రెండో పేరు ఆమెది. జట్టులో చోటు ఇద్దరికే.

బయటికి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఆనందం పట్టలేక ఏడ్చేసింది, చెవుల నొప్పికి ఇంకాస్త ఏడ్చింది. ఆ తర్వాత బుట్టలు తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

“ఇవి బరువుగా ఉన్నాయండి అత్తయ్యా. ముందే చెబుదామనుకున్నాను. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు.”

పైడమ్మ బుట్టల్ని అరచేతిలో ఆడించింది. ఆవిడ మొహంలో కోపం లేదు, కొంచెం సిగ్గులాంటిది ఉంది.

“నేను నొచ్చుకోడం ఏటే,” అంది. “మా అత్తగారు పెట్టిన దగ్గర్నుంచీ నా చెవులూ పీకేసేవి. ఆవిడకి చెప్పలేకపోయాను. నువ్వు కాపరానికి రాగానే నీకు పెట్టేసాను.”

సన్యాసిరావు చేతిలో యంత్రం చిన్నగా చప్పుడు చేసింది.

“క్షమించాలి,” అంది. “ఈ బదిలీ నా లెక్కలోకి రాలేదు.”